తాళంచెవిలోని చెవి: ఆస్కర్ షెల్ వెదుకులాటను చదివే పద్ధతి

జొనాథన్ సాఫ్రన్ ఫోయర్ రాసిన ‘ఎక్స్‌ట్రీమ్‌లీ లౌడ్ అండ్ ఇన్‌క్రెడిబ్లీ క్లోజ్’ నవల 2005లో వెలువడింది. 2001 సెప్టెంబరు 11న తండ్రిని పోగొట్టుకున్న ఆస్కర్ షెల్ అనే తొమ్మిదేళ్ళ పిల్లవాడు, తండ్రి గదిలో దొరికిన ఒక తాళంచెవి ఏ తాళానికి పడుతుందో తెలుసుకోవడానికి న్యూయార్క్ నగరమంతా తిరగడం ఇందులోని కథ. ఇంత తేలికగా చెప్పగలిగిన కథను చాలామంది వందో పుట దగ్గర వదిలిపెడతారు. ఉన్నట్టుండి మరెవరో మాట్లాడటం మొదలుపెడతారు, నడుమ తలుపు గడియల ఫొటోలు వస్తాయి, కొన్ని పుటల్లో ఒక్క వాక్యమే ఉంటుంది, కొన్నింటిలో ఏమీ ఉండదు. మొదటిసారి నేనూ సగంలోనే పక్కన పెట్టాను. రెండోసారి చదివినప్పుడు ఏర్పరచుకున్న పద్ధతినే ఇక్కడ వరుసగా రాస్తున్నాను. కథ చివరి సంగతులు ఇందులో వస్తాయి కనుక, అవి ముందే తెలియడం ఇష్టంలేనివారు మొదటి అయిదు మెట్లు మాత్రం చదివి, నవల పూర్తయ్యాక మిగిలినవాటికి రావచ్చు.

మొదటి మెట్టు: అచ్చుప్రతినే తెచ్చుకోండి

ఈ నవలను ఫోన్‌లోనో కిండిల్‌లోనో చదవవద్దని ఖచ్చితంగా చెబుతాను. ఇందులో పుట అంటే కేవలం అక్షరాలు మోసే కాగితం కాదు. ఒకచోట వాక్యాలు ఒకదానిమీద ఒకటి పడి పుట నల్లబడిపోతుంది, ఒకచోట రంగు సిరాల గీతలుంటాయి, ఒక ఉత్తరం నిండా ఎర్రసిరాతో సున్నాలు చుట్టి ఉంటాయి. చివరి పుటలైతే బొటనవేలితో గబగబా తిప్పితేనే అర్థమవుతాయి. పాత పుస్తకాల దుకాణంలో కొనేవారు ఎర్రసిరా ఎర్రగానే పడిందో లేదో, చివర పుటలు చిరగకుండా ఉన్నాయో లేదో చూసి మరీ కొనాలి.

రెండో మెట్టు: రెండు తేదీలు తెలిసి ఉండాలి

మొదటిది 2001 సెప్టెంబరు 11, మంగళవారం. ఉదయం 8:46కు మొదటి విమానం ప్రపంచ వాణిజ్య కేంద్రపు ఉత్తర భవనాన్ని ఢీకొట్టింది, 9:03కు రెండోది దక్షిణ భవనాన్ని ఢీకొట్టింది. తరువాత దెబ్బతిన్నా దక్షిణ భవనమే ముందు, 9:59కి కూలింది. ఉత్తర భవనం 10:28కి కూలింది. ఆస్కర్ తండ్రి థామస్ షెల్ నగల వ్యాపారి. ఆ ఉదయం ఒక సమావేశం కోసం ఉత్తర భవనంలోని విండోస్ ఆన్ ది వరల్డ్ అనే హోటలుకు వెళ్తాడు. ఆ హోటలు 106, 107 అంతస్తుల్లో ఉండేది. విమానం తగిలిన చోటికి పైన మెట్లదారులన్నీ తెగిపోవడంతో, 92వ అంతస్తు మొదలుకొని పైన ఉన్నవారిలో ఒక్కరూ బయటపడలేదు. ఈ ఒక్క విషయం గుర్తుంటే, తండ్రి 8:52కు ఇంటికి ఫోన్ చేసి వదిలిన మొదటి సందేశాన్ని చదివేటప్పుడు, ఆయనకు తెలియనిది మనకు తెలిసి ఉంటుంది.

రెండోది 1945 ఫిబ్రవరి 13. ఆ రాత్రి బ్రిటిష్ విమానాలు, మరునాడు అమెరికన్ విమానాలు జర్మనీలోని డ్రెస్డెన్ నగరంపై బాంబులు కురిపించి తగలబెట్టాయి. దాదాపు 25,000 మంది చనిపోయారని చరిత్రకారులు లెక్కగట్టారు. ఆస్కర్ తాతా నాయనమ్మా ఆ మంటల్లోంచి బయటపడ్డవారు. న్యూయార్క్ కథ మధ్యలోకి డ్రెస్డెన్ ఎందుకు వచ్చిందని విసుక్కునేవారిని చూశాను. ఒకే ఇంట్లో రెండు తరాలవారు ఆకాశంనుంచి వచ్చిన మంటకు మనుషులను పోగొట్టుకున్నారు, మొదటి తరం ఆ సంగతి ఎవరికీ సరిగా చెప్పుకోలేదు. పిల్లవాడికి ఆస్తిగా సంక్రమించింది ఆ చెప్పుకోలేకపోవడమే.

మూడో మెట్టు: మూడు గొంతులను విడదీయండి

పుస్తకం మొదలుపెట్టేముందే అధ్యాయాల పేర్లన్నీ ఒకసారి తిరగేసి, మూడు రంగుల పెన్సిళ్ళతో గుర్తు పెట్టుకోండి. తాత ఉత్తరాలన్నిటికీ ‘నీవున్న చోట నేనెందుకు లేను’ అనే అర్థం వచ్చే ఒకే పేరు ఉంటుంది, పక్కన 1963, 1978, 2003 నాటి తేదీలుంటాయి. నాయనమ్మ చెప్పేవాటికి ‘నా భావాలు’ అన్నది పేరు. మిగిలినవన్నీ ఆస్కర్‌వి. అమెరికన్లు నెలను ముందు, రోజును తరువాత రాస్తారు కనుక 5/21/63 అంటే 1963 మే 21 అని చదువుకోవాలి.

తాత ఎవరికి రాస్తున్నాడన్నది ముఖ్యం. ఆయన రాసేది తన కొడుక్కి, అంటే ఆస్కర్ తండ్రికి. కొడుకు పుట్టకముందే ఇల్లు విడిచి వెళ్ళిపోయి, దశాబ్దాలపాటు ఉత్తరాలు రాస్తూ, ఒక్కటి తప్ప మిగిలినవేవీ పంపని తండ్రి ఆయన. నాయనమ్మ రాసేది ఆస్కర్‌కు. తాత పేరు కూడా థామస్ షెల్ అన్నది మరిచిపోకండి, ఆ పేరు దగ్గర కథ ఒక చిన్న మెలిక వేస్తుంది.

నాలుగో మెట్టు: ఆస్కర్ మాటతీరుకు యాభై పుటలు గడువివ్వండి

ఆస్కర్ తెల్లబట్టలే వేసుకుంటాడు, తంబురీన్ వాయిస్తాడు, స్టీఫెన్ హాకింగ్‌కు ఉత్తరాలు రాస్తాడు, నిద్రపట్టనప్పుడల్లా ఏదో ఒక యంత్రాన్ని కనిపెడుతూ ఉంటాడు. తొమ్మిదేళ్ళ పిల్లలు ఇలా మాట్లాడరని కొందరు విమర్శకులు అన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు, కొన్నిచోట్ల పిల్లవాడి వెనుక రచయిత గొంతు వినిపించడం నాకూ ఇబ్బందిగానే అనిపించింది. అయినా ఆ కనిపెట్టడాలను ముద్దుమాటలుగా తీసిపారేయకుండా, అవి ఏ వాక్యం తరువాత మొదలవుతున్నాయో చూడండి. తండ్రి చావు దగ్గరికి ఆలోచన వెళ్ళబోయిన ప్రతిసారీ అతడి బుర్ర పక్కదారి పట్టి ఒక యంత్రాన్ని తయారుచేస్తుంది.

దుఃఖం కలిగినప్పుడు అతడు తన బూట్లు బరువెక్కాయంటాడు. మనకు గుండె బరువెక్కుతుంది. అతడికి బరువు పాదాల్లో ఉంటుంది. నగరమంతా నడవవలసిన పిల్లవాడికి బరువు కాళ్ళకే ఉండటం రచయిత ఊరికే చేసిన పని కాదనుకుంటాను. అందుకే ఆ మాటను ‘మనసు బాగాలేదు’ అని మనలో మనం అనువదించుకోకుండా, కాళ్ళీడ్చుకుంటూ నడిచే పిల్లవాణ్ణే కళ్ళముందు ఉంచుకోవాలి.

అయిదో మెట్టు: నోటుపుస్తకంలో రెండు పట్టీలు రాయండి

ఈ పద్ధతికి ప్రాణం ఈ మెట్టే. ఒక పుటను నిలువుగా రెండుగా విడదీసి, ఎడమవైపు ‘తాళంచెవి’ అనీ, కుడివైపు ‘ఫోన్’ అనీ రాయండి. చదువుతూ వెళ్ళేకొద్దీ తాళంచెవికి సంబంధించిన ప్రతి సంఘటననూ ఎడమవైపు, ఇంట్లోని ఆన్సరింగ్ మెషీన్‌కు, అంటే ఎవరూ ఎత్తని ఫోన్లకు వచ్చిన సందేశాలను రికార్డు చేసే యంత్రానికి, సంబంధించిన ప్రతి ప్రస్తావననూ కుడివైపు పుట సంఖ్యతో సహా రాసుకోండి.

ఎడమ పట్టీ త్వరగా నిండుతుంది. తండ్రి పోయిన ఏడాది తరువాత ఆయన బట్టల గదిలో పైఅర మీదున్న నీలం పూలకూజాను ఆస్కర్ అందుకోబోయి కింద పడేస్తాడు. అది పగిలి, లోపల ఒక చిన్న కవరు, ఆ కవరులో తాళంచెవి దొరుకుతాయి. కవరు మీద ‘బ్లాక్’ అని ఎర్రసిరాతో రాసి ఉంటుంది.

ఇక్కడ చిత్రకళా సామగ్రి అమ్మే దుకాణంలో జరిగే సన్నివేశాన్ని నిదానంగా చదవాలి. నల్లరంగు పేరును ఎర్రసిరాతో రాయడం వింతగా ఉందంటుంది అక్కడి ఆవిడ. కొనబోయే పెన్ను రాస్తుందో లేదో చూడటానికి దుకాణంలో కాగితాల బొత్తి ఒకటి పెట్టి ఉంటుంది. దానిని చూపించి, మనుషులు అటువంటప్పుడు చేతిలో ఉన్న రంగు పేరైనా రాస్తారు, లేకపోతే తమ పేరైనా రాస్తారని ఆమె చెబుతుంది. మన ఊరి స్టేషనరీ కొట్లో కూడా పెన్ను పరీక్షించే కాగితం మీద ఎక్కువగా కనిపించేవి సంతకాలే కదా. ఎర్రపెన్నుతో ‘బ్లాక్’ అని రాశారంటే అది రంగు పేరు కాదు, మనిషి పేరు అయి ఉండాలని ఆస్కర్ తేల్చుకుంటాడు. పిల్లవాడి తర్కమే, కానీ తప్పుపట్టలేని తర్కం. ఆ బొత్తి పుటలను నవలలో రంగుల్లో అచ్చువేశారు. వాటిలో థామస్ షెల్ అన్న పేరు కనబడి ఆస్కర్ ఉలిక్కిపడతాడు. ఆ పేరు ఇద్దరికి ఉందన్న సంగతిని పట్టీలో ఒక ప్రశ్నార్థకంతో రాసి ఉంచుకోండి.

ఆపైన లెక్కలు. నగరంలో బ్లాక్ అనే ఇంటిపేరుగలవారు 472 మంది, వారి చిరునామాలు 216. శనివారానికి రెండు చిరునామాల చొప్పున వెళ్తే, నడుమ వచ్చే వేరే పనులతో కలిపి, దాదాపు మూడేళ్ళు పడుతుందని ఆస్కర్ లెక్క. ఈ అంకెలన్నీ రాసుకున్నాక, ఇంత పొడుగు పని పెట్టుకున్న పిల్లవాడికి అది త్వరగా ముగియాలన్న కోరిక ఉందా అని మిమ్మల్ని మీరు అడగండి. వెదుకుతున్నంతకాలం తండ్రి ఇచ్చిన పని ఒకటి మిగిలి ఉన్నట్టే. పైగా ఆయన బతికున్నప్పుడు ఆదివారాలు ఇటువంటి అన్వేషణ ఆటలే పెట్టేవాడు, చివరి ఆటలో ఆనవాళ్ళేవీ ఇవ్వకుండా సెంట్రల్ పార్కును మాత్రం చూపించాడు.

కుడి పట్టీ మాత్రం చాలాసేపు బోసిగా ఉంటుంది, ఉండాలి కూడా. బడి ముందే వదిలిపెట్టడంతో ఇంటికి వచ్చిన ఆస్కర్ మెషీన్‌లో తండ్రి సందేశాలు అయిదు వింటాడు. తరువాత రహస్యంగా అటువంటిదే మరో ఫోన్ కొనితెచ్చి దాని స్థానంలో పెట్టి, సందేశాలున్న పాతదానిని నాయనమ్మ అల్లడం పూర్తిచేయని మఫ్లరులో చుట్టి తన గదిలో దాచేస్తాడు. తల్లి ఆ సందేశాలు వినకూడదన్నది అతడు చెప్పే కారణం. మొదటి అధ్యాయం చివర ఫోన్ మళ్ళీ మోగిందని, అది తండ్రేనని తెరమీద కనిపించిందని ఒక చిన్న వాక్యం ఉంది. ఆ వాక్యం తరువాత అధ్యాయం ఆగిపోతుంది. దానిని పట్టీలో రాసి కింద గీత గీయండి. నూటికి తొంభైమంది ఆ వాక్యాన్ని దాటుకుని తాళంచెవి వెంట పడిపోతారు. ఆస్కర్‌కు కావలసింది కూడా మనం అలా వెళ్ళిపోవడమే.

ఆరో మెట్టు: చదవరాని పుటలను చదవకుండానే చూడండి

తాత ఒక్కొక్క మాటనే పోగొట్టుకున్నాడు. మొదట పోయినది డ్రెస్డెన్‌లో మరణించిన ప్రియురాలి పేరు, అన్నా. ఆపైన ఆ పేరుకు దగ్గరగా వినిపించే ‘అండ్’. అలా ఒకటొకటే పోగా చివరికి ‘నేను’ అన్నది కూడా పోయింది. అరచేతుల్లో అవును, కాదు అని పచ్చబొట్లు పొడిపించుకుని, మిగిలిన అవసరాలకు నోటుపుస్తకంలో రాసి చూపిస్తాడు. నడుమ వచ్చే ఒంటివాక్యపు పుటలు ఆ నోటుపుస్తకంలోనివి. అవి ఎవరితో ఏ సందర్భంలో అన్నవో ఊహిస్తూ ఒక్కొక్కటీ తిప్పండి.

ఒకచోట ఆయన భార్యకు ఫోన్ చేసి, నోరు లేదు కనుక అంకెల మీటలు నొక్కి మాట్లాడతాడు. 4, 3, 5, 5, 6 అని మొదలవుతుంది. పాత ఫోన్లలో 4 మీద హెచ్, 3 మీద ఇ, 5 మీద ఎల్, 6 మీద ఓ అక్షరాలుంటాయి కాబట్టి అది ‘హలో’ అవుతుంది. ఆ తరువాత పుటల కొద్దీ అంకెలే. ఒక్కో మీటకు మూడు నాలుగు అక్షరాలుండటంతో వాటిని విప్పుకోవడం బ్రహ్మతరం కాదు. మొదటి వరుస ప్రయత్నించి ఆపేయండి, ఎందుకంటే అవతల ఫోన్ పట్టుకున్న ఆమెకు వినిపించినదీ ఆ బీప్ శబ్దాలే. అలాగే అక్షరాలు పేరుకుని నల్లబడిపోయే పుటలను భూతద్దంతో చదవనక్కరలేదు. చెప్పవలసింది మిగిలి ఉండగానే కాగితం అయిపోతే ఏమవుతుందో వాటిని చూస్తేనే తెలుస్తుంది.

తెల్లకాగితాల సంగతి ఇంకోటి. భార్యను జీవితచరిత్ర రాయమని టైపురైటర్ ముందు కూర్చోబెట్టిన తాత, ఆ యంత్రంలో రిబ్బను లేదన్న సంగతి ఆలస్యంగా గ్రహిస్తాడు. చూపు ఆనని ఆమెకు తాను ఖాళీ కాగితాలు పేరుస్తున్నట్టు తెలియదనుకుని బాధపడతాడు. నాయనమ్మ అధ్యాయానికి వచ్చేసరికి, తాను నొక్కింది ఖాళీ వదిలే మీట ఒక్కటేనని ఆమె చెబుతుంది. ఈ రెండు కథనాలనూ పక్కపక్కన పెట్టి చదవకపోతే ఈ నవల సగం జారిపోయినట్టే.

ఏడో మెట్టు: కలిసినవారి పక్కన ‘చెప్పగలరు’, ‘వినగలరు’ అని రాయండి

ఆస్కర్ కలిసే బ్లాకుల జాబితా పెద్దది, అందరినీ గుర్తుంచుకోనక్కరలేదు. ఒక్కరి దగ్గర మాత్రం ఆగాలి. ఆస్కర్ వాళ్ళ ఇంటికి పైఅంతస్తులో ఉండే ఎ.ఆర్. బ్లాక్ 103 ఏళ్ళ వృద్ధుడు, ఒకప్పటి యుద్ధవార్తల విలేకరి. భార్య పోయిన నాటినుంచి రోజుకొక మేకు చొప్పున మంచానికి కొడుతున్నాడు. ఏళ్ళ తరబడి తన వినికిడి యంత్రాలను ఆపి ఉంచాడు. ఆస్కర్ వాటిని ఆయన చెవుల్లో మెల్లగా మళ్ళీ పనిచేయించిన క్షణంలోనే కిటికీ పక్కగా పక్షుల గుంపు ఎగిరిపోతుంది, నడుమ వచ్చే ఫొటో వాటిదే.

మాట లేని తాత, ఖాళీ కాగితాలు కొట్టిన నాయనమ్మ, చెవులు మూసుకున్న పొరుగాయన, మఫ్లరులో చుట్టిన ఫోన్. జాబితా ఇలా పేరుస్తుంటే వెదుకులాట దిశ మారుతుంది. ఈ పిల్లవాడికి తాళం అక్కరలేదు, వినే మనిషి కావాలి. ఇంగ్లీషులో లేని వెసులుబాటు ఒకటి ఇక్కడ మన భాషకుంది: మనం ఆ వస్తువును తాళంచెవి అంటాం. అతడు ఇంటింటికీ తిరిగింది ఆ చెవి కోసమేనన్నది నా చదువు.

ఎనిమిదో మెట్టు: జవాబు దొరికిన అధ్యాయాన్ని రెండుసార్లు చదవండి

రెండో ఇంట్లోనే కలిసిన ఆబీ బ్లాక్ మాజీ భర్త విలియమ్ బ్లాక్‌ది ఆ తాళంచెవి. అది ఆయన తండ్రి వదిలి వెళ్ళిన బ్యాంకు లాకరుది. తండ్రి పోయాక విలియమ్ సామాన్లు అమ్మేసినప్పుడు, లోపలేముందో తెలియకుండా ఆ పూలకూజాను అమ్మేశాడు. థామస్ షెల్ దానిని పెళ్ళిరోజు కానుకగా కొన్నాడు. అంటే తాళంచెవికీ ఆస్కర్ తండ్రికీ ఏ సంబంధమూ లేదు. ఆయనకు అది తన ఇంట్లో ఉన్నట్టే తెలియదు.

ఇంతేనా అని పుస్తకం మూసేయబుద్ధి పుట్టే చోటు ఇది. మొదటిసారి ఎడమ పట్టీ ముగించుకోవడానికి చదివి, రెండోసారి కుడి పట్టీ కోసం చదవండి. తాళంచెవి చేతులు మారాక, ఆ అపరిచితుడికే ఆస్కర్ ఆరో ఫోన్ సంగతి చెబుతాడు. ఫోన్ మోగింది, తాను పక్కనే ఉన్నాడు, చెయ్యి కదల్లేదు. మెషీన్ ఎత్తుకుంది. తండ్రి గొంతు ఉన్నావా, ఉన్నావా అని మళ్ళీ మళ్ళీ అడిగింది. నవలలో ఆ ప్రశ్నను వరుసగా అచ్చువేశారు, ఒక్కొక్క ప్రశ్న తరువాతా ఊపిరి తీసుకునేంత ఆగి చదవండి. ఇదంతా చెప్పాక, తనను క్షమిస్తావా అని ఆస్కర్ విలియమ్‌ను అడుగుతాడు. ఫోన్ ఎత్తనందుకా అంటాడు విలియమ్. కాదు, ఎవరికీ చెప్పలేకపోయినందుకు అంటాడు పిల్లవాడు.

మన ఇళ్ళలో తండ్రి పోయిన పిల్లలకు నాన్న ఊరెళ్ళాడనో దేవుడి దగ్గరికి వెళ్ళాడనో చెప్పి, పదమూడు రోజులూ వచ్చిపోయేవారి మధ్య వాళ్ళను పక్కింట్లో ఆడుకోమని పంపడం ఉంది. పిల్లవాడికి ఏం తెలుసన్నది పెద్దలు అనుకునే మాట. వాడికి తెలిసినది, వాడు చూసినది, వాడు చేయలేకపోయినది వాడి దగ్గరే ఉండిపోతుంది. ఈ పుటల దగ్గర ఆగి ఆ మాట గురించి ఆలోచించకుండా ముందుకు వెళ్ళడం నాకు సాధ్యపడలేదు.

తొమ్మిదో మెట్టు: తల్లి కోసం వెనక్కి వెళ్ళండి

తల్లి పట్టించుకోవడం లేదని ఆస్కర్ నమ్మకం, మొదటి చదువులో మనదీ అదే నమ్మకం. వెదుకులాట సంగతి ఆమెకు మొదటినుంచీ తెలుసునని, చాలామంది బ్లాకులకు ఆమె ముందే ఫోన్ చేసి పిల్లవాడు వస్తున్నాడని చెప్పి ఉంచిందని చివర్లో తేలుతుంది. తొమ్మిదేళ్ళ కొడుకు ఎక్కడికి వెళ్తున్నాడని ఆమె అడగకపోవడం విడ్డూరంగా తోచిన పుటలకు మళ్ళీ వెళ్ళి, ఆ మౌనాన్ని ఇప్పుడు చదవండి. భర్త ఆ ఉదయం ఆమెకు కూడా ఫోన్ చేసి, తాను క్షేమంగా వీధిలో ఉన్నానని అబద్ధమాడాడు, ఆమె నమ్మినట్టు మాట్లాడింది.

పదో మెట్టు: ఖాళీ శవపేటిక

థామస్ షెల్ దేహం దొరకలేదు, ఖాళీ పేటికనే పూడ్చారు. ఇది కథకోసం చేసిన కల్పన మాత్రమే కాదు. న్యూయార్క్‌లో ఆనాడు మరణించిన 2,753 మందిలో దాదాపు నూటికి నలభైమంది అవశేషాలు ఇప్పటికీ గుర్తింపబడలేదు. దేహం దొరకనప్పుడు దర్భలతో రూపం చేసి దహనం జరిపే ఆచారం తెలిసినవారికి, పేటికలో ఏమీ లేకపోవడం ఆ పిల్లవాణ్ణి ఎందుకంత పీడించిందో విడమరచి చెప్పనక్కరలేదు. ఆస్కర్ రాత్రివేళ సమాధి తవ్వించి పేటికను తెరిపిస్తాడు. పక్కనున్న వృద్ధుడు, అంటే తాత, తాను కొడుక్కి రాసి పంపని ఉత్తరాలన్నిటినీ అందులో నింపుతాడు. పంపిన ఒకే ఒక ఉత్తరం ఏమైందో తెలుసుకోవాలంటే 1978 నాటి ఉత్తరాన్ని తీసి ఎర్రసున్నాలను చూడండి. పత్రికలో తప్పులు కనబడితే ఎర్రపెన్నుతో చుట్టడం ఆస్కర్ తండ్రికి అలవాటు. తనను వదిలి వెళ్ళిన తండ్రి రాసిన ఉత్తరాన్నీ ఆయన అలాగే దిద్దుకుంటూ చదివాడు.

పదకొండో మెట్టు: చివరి పుటలు

భవనం నుంచి పడిపోతున్న మనిషి ఫొటోలను ఆస్కర్ చివరినుంచి మొదటికి వరుస తిప్పి అమర్చుతాడు. పుస్తకాన్ని ఎడమచేత్తో పట్టుకుని కుడి బొటనవేలితో పుటలను వదులుతూ పోతే మనిషి పైకి తేలుతాడు. అంతకుముందున్న పేరాలో పిల్లవాడు ఆ రోజునంతా వెనక్కి నడిపిస్తాడు. సందేశాలు వెనక్కి తిరుగుతాయి, తండ్రి వెనక్కి నడుస్తూ ఇంటికి వస్తాడు, ముందురోజు రాత్రి చెప్పిన కథ చివరినుంచి మొదటికి వెళ్తుంది. 2011లో స్టీఫెన్ డాల్డ్రీ తీసిన సినిమా చూడాలనుకునేవారు ఈ పుటలు తిప్పిన తరువాతే చూడాలి. డ్రెస్డెన్ కథ అందులో దాదాపుగా లేదు, పైగా ఇంగ్లీషు పుటల్లో మనం ఊహించుకున్న ముఖాలను తండ్రి పాత్ర వేసిన టామ్ హాంక్స్ ముఖం తుడిచేస్తుంది.

బొమ్మలు తిప్పడం అయ్యాక, నోటుపుస్తకంలో కుడి పట్టీ తీసి, మొదట్లో గీత గీసిన వాక్యం పుట సంఖ్య చూసుకుని, మొదటి అధ్యాయపు చివరి పేరా మళ్ళీ చదవండి. ఫోన్ మోగుతూ ఉంటుంది.